టై ముడి

“నోరు మూసుకుని తల ఊపితే చాలు. అంతకు మించి నీ తమ్ముణ్ణి నేనేమీ అడగడం లేదు” అన్నాడు మేనేజరు, అద్దంలో టై ముడి సవరించుకుంటూ.

“తల ఊపడానికి వాడేమన్నా గంగిరెద్దా?” అంది భార్య.

“గంగిరెద్దయితే నాకీ తిప్పలే లేవు. చెప్పినట్టు ఆడుతుంది, ఎదురు చెప్పదు.”

సెలవు రోజు. సొంత ఇల్లు. సొంత పెళ్లాం వండిన అన్నం తినడానికి ఆ మనిషి మెడకు టై బిగించుకుంటున్నాడు. పుట్టినప్పుడు బొడ్డు కోసిన చేత్తోనే టై కూడా కట్టారేమో అన్నట్టుంటుంది ఆయన వాలకం. పరాయి దేశంలో, అంత పెద్ద హోటల్లో, తిండికీ తాగుడుకీ కలిపి మేనేజరంటే మాటలా మరి! పాలరాతి నేల, మనిషెత్తు పూలకుండీలు, గ్లాసులో ఒక్క గుటక తగ్గితే పరుగెత్తుకొచ్చి నింపే కుర్రకారు. అందులో ఆయన వండేది లేదు, వడ్డించేది లేదు, కడిగేది అసలే లేదు. స్తంభం పక్కన నిలబడతాడు. నిలబడినందుకే జీతం.

హోటలువాళ్లిచ్చిన ఇల్లు హోటలు వెనకే ఉంది. ముందుగది కిటికీ తెరిస్తే పాలరాయి కనిపించదు. మాసిన దుప్పట్ల బళ్లు, కూరగాయల వ్యాన్లు, పొగ తాగడానికి బయటికొచ్చి గోడకు కాలు ఆనించి నిలబడ్డ వంటవాళ్లు కనిపిస్తారు. అందుకని ఆ కిటికీకి ఎప్పుడూ తెర దించే ఉంచుతాడు.

“మధ్యాహ్నం జనరల్ మేనేజరమ్మ వస్తుంది. తింటుంది. చెయ్యి కడుక్కున్నాక వీడు ముందుకొచ్చి, తప్పు నాదేనమ్మా, తెలియక చెప్పాను అంటాడు. అక్కడితో సరి.”

“సరి మీకు. వాడికి?”

“వాడికేం? ఈ ఉద్యోగం పోతుంది, ఇంటికి పోతాడు. గొడవ చల్లారాక ఇంకెక్కడైనా నేనే చూస్తాను.”

“ఒక మనిషిని ఆస్పత్రి పాలు చేసినవాడని పేరు పడ్డాక వాడికి అంట్లు తోమే పనైనా ఎవడిస్తాడండీ?”

మేనేజరు చొక్కా చేతి గుండీ మీద వేలితో తట్టాడు.

హోటలు భోజనాల హాల్లో ఆ సైగకు అర్థం, బల్ల మీద పళ్లేలు తీసేయమని. ఇంట్లో అయితే, ఇక ఆ మాట తీసేయమని.

ఆయన హాల్లో నోటితో ఆజ్ఞలుండవు. తినేవాళ్ల చెవిన పడితే హోటలు పరువు పోతుందట. గుండీ తడితే పళ్లేలు తీయాలి. ఉంగరం తిప్పితే వాగుడు ఆపాలి. టై ముడి తాకితే, అతిథి ఏం వినాలని ఎదురుచూస్తున్నాడో అది చెప్పేయాలి. ఉందంటే సంతోషిస్తాడా, ఉందనాలి. లేదంటే సంతోషిస్తాడా, లేదనాలి. “అడిగి చెప్తాను” అనే మాట మాత్రం ఆ హాల్లో ఎవరి నోటా రాకూడదు. అది చేతకానివాళ్ల మాట అంటాడు మేనేజరు. పెళ్లయిన కొత్తలో భార్యకు నేర్పిన మొదటి ముచ్చట్లు ఇవే. కొత్త పెళ్లికూతురు ఇంకేం నేర్పుతాడో అనుకుంది పాపం. నేర్పింది గుండీ, ఉంగరం, టై.

మొన్న ఆ టై ముడే ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చింది. సాస్‌లో జీడిపప్పు లేదు కదా, నాకు పడదు అని ఆవిడ అడిగింది. వడ్డిస్తున్న బావమరిది స్తంభం వైపు చూశాడు. మేనేజరు టై ముడి తాకాడు. బావమరిది “లేదండీ” అన్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక ఆవిడ పెదాలు వాచి, గొంతు మూసుకుపోయి, కుర్చీలోంచి పక్కకు ఒరిగింది.

బతికింది. బతికి, ఆ తప్పెవరిదో తేల్చమని కూర్చుంది.

వంటగది తలుపు ఆ స్తంభానికి పక్కనే. తల లోపలికి పెట్టి అడిగితే వంటవాడు చెప్పేవాడు. కానీ మేనేజరు అడిగి తెలుసుకునే బాపతు కాదు.

“ఇంకోమాట” అన్నాడు ఆయన గుమ్మం దాటబోతూ. “నేను సైగ చేశానని వాడు అక్కడ కూసినా నమ్మేవాళ్లు లేరు. హాల్లో కెమెరా ఉంది. ఆ కెమెరాలో ఏం కనిపిస్తుంది? ఒక పెద్దమనిషి టై సర్దుకుంటున్నాడు. అది నేరమా?”

అని నవ్వాడు కూడా.

భార్య ఆ నవ్వు వైపు చూసింది. చెప్పులకంటిన పేడ చూసినట్టు చూసింది.

*

వంటింట్లో బావమరిది ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అత్తగారు స్టూలు మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కొడుకు దగ్గర కొన్నాళ్లుండి పోదామని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి కోడలి తమ్ముడు ఈ ఇంట్లో పడి తింటున్నాడన్న బాధ ఒకటి ఆవిడకు నిద్ర పట్టనివ్వడం లేదు.

“కన్నీళ్లు కారుస్తున్నావేం అబ్బాయ్? ఉల్లిపాయలకా, ఉద్యోగానికా?”

“రెండూ కలిపి ఒకేసారి ఏడుస్తున్నానండీ అత్తయ్యగారూ. పని కలిసొస్తుందని.”

“వేళాకోళానికేం తక్కువ లేదు. బావ చేతికింద పనిచేస్తూ బావ మెడకే ఉరి తెచ్చావు. మావాడు పెద్దమనసుతో ఇంట్లో పెట్టుకుని కూడు పెడుతున్నాడు.”

“కూడు అక్క పెడుతోందండీ. బావ పక్కన నిలబడి చూస్తున్నాడు. అలవాటు.”

అక్క పెదవి కొరుక్కుంది. నవ్వొచ్చి కాదు, నవ్వితే ఇంకో రామాయణం మొదలవుతుందని. నానబెట్టిన జీడిపప్పు మిక్సీలో వేసి మూత పెట్టింది.

“జీడిపప్పా?” అన్నాడు తమ్ముడు కత్తి ఆపి. “అక్కా, ఈ ఇంట్లో ఆ పేరెత్తితేనే ఒకాయనకి చెమటలు పోస్తున్నాయి.”

“వెయ్యకపోతే కూర చిక్కబడదు. ఎప్పుడూ వేసేదే.”

“బావకి తెలుసా?”

“నా వంటలో ఏముందని పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన ఒక్కనాడైనా అడిగాడా? ఉప్పు తక్కువైతే ఉంగరం తిప్పుతాడు. అంతవరకే.”

మిక్సీ ఆగాక అత్తగారు అందుకుంది. “నిజం చెప్పు అబ్బాయ్. వాడు నిజంగా నీకు సైగ చేశాడా?”

“చేశాడండీ.”

“నేన్నమ్మను. టై బిగుసుకుని సర్దుకునుంటాడు. వాళ్ల నాన్న ఎడ్ల బేరగాడు, నీకు తెలుసో లేదో. సంతలో తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుంటే అదే ధర. పక్కనున్నవాడికి కనపడదు, వినపడదు. అయినా ఒకసారి వేలు పట్టుకున్నాక, పట్టుకోలేదని ఆ మనిషి జన్మలో అనలేదు. ఒకసారి బేరం కుదిరిన ఎద్దు ఇంటికి తోలేలోపే కుంటింది. వేలు పట్టుకున్నాను కదా అని డబ్బు మొత్తం ఇచ్చేసి వచ్చాడు. అలాంటివాడి కొడుకు వేలు చూపించి మాట తప్పుతాడా? నా కళ్లతో చూస్తే తప్ప నమ్మను.”

“మామయ్యగారు తువ్వాల కప్పుకున్నారు అత్తయ్యా, ఈయన సిగ్గే లేకుండా నలుగురి ముందూ చేస్తున్నాడు” అంది కోడలు.

“చాల్లే. మొగుణ్ణి అనడానికి నోరెలా వస్తుందో మీ తరానికి.” అత్తగారు మూతి తిప్పుకుని ముందుగదిలోకి వెళ్లిపోయింది.

తమ్ముడు గొంతు తగ్గించాడు. “అక్కా, నేను తప్పు ఒప్పేసుకుంటాను.”

“నోర్ముయ్.”

“విను. నేను నిజం చెప్తే బావ ఉద్యోగం ఊడుతుంది. ఈ ఇల్లు పోతుంది. నువ్వు ఆ మనిషితో ఇరవై నాలుగు గంటలూ ఒకే గదిలో ఉండాలి. అంత శిక్ష నీకెందుకు?”

“నా కాపురం నిలబడాలని నువ్వు నేరస్థుడివైపోతావా?”

“నేరస్థుణ్ణి కాదు. మందబుద్ధిని, అంతే. మందబుద్ధిగా ఉండడం కష్టమేం కాదక్కా. ఇన్నాళ్లు బావ పక్కనుండి చూశానుగా.”

ఈసారి అక్క నవ్వలేదు. చెంగుతో తమ్ముడి కళ్లు తుడిచింది. ఉల్లిపాయల తడే అనుకుని తుడిచింది.

ఇంతలో మేనేజరు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాడు. మసాలా వాసన కోటుకు పడుతుందని గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

“చెంచాలు బల్ల అంచుకు బొటనవేలి కణుపంత దూరంలో ఉండాలి. నీళ్లు కుడివైపు నుంచి. ఏయ్ బావమరిదీ, అన్నం తిన్నాక నేను చెప్పేదాకా నోరు విప్పకు. నేను టై ముట్టుకోగానే మొదలుపెట్టు.”

“ఆ ముడే కదా బావా మనకు మొత్తం కథ” అన్నాడు బావమరిది.

*

జనరల్ మేనేజరు చెప్పిన వేళకే వచ్చింది. తెల్లజుట్టు కురచగా కత్తిరించుకున్న మనిషి. మడమల్లేని బూట్లు. పళ్లేలు మోసే పనితో మొదలుపెట్టి ఆ కుర్చీ దాకా వచ్చిందని హోటల్లో అందరికీ తెలుసు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషు. మేనేజరు భార్యకు అది అర్థమవుతుంది, నిదానంగా జవాబూ చెప్పగలదు. అత్తగారికి ఒక్క ముక్క రాదు.

“అమ్మా, నువ్వు లోపలి గదిలో ఉండు” అని మేనేజరు అంతకుముందే తల్లిని తలుపు వెనక దాచాడు. పగిలిన పళ్లెం దాచినట్టు.

“తలుపు వెనక ఎవరో దగ్గుతున్నారు” అంది వచ్చినావిడ.

“మా అమ్మ. ఆవిడకు కాస్త నలతగా…”

“పిలవండి. నలతగా ఉన్నవాళ్లూ అన్నం తింటారు.”

అత్తగారు వచ్చి కొడుకు ఎదురుగా కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మేనేజరు ఉంగరం తిప్పాడు. తల్లికి అదేమిటో తెలియదు కాబట్టి కాళ్లు దించలేదు.

“మీరు కూర్చోరేం?” అంది అతిథి, ఇంకా నిలబడే ఉన్న మేనేజరుతో. “ఓహో, ఇంట్లో స్తంభం లేదు కదా. ఎక్కడ నిలబడాలో తెలియడం లేదా?”

బావమరిది నీళ్ల కూజాలోకి ముఖం పెట్టి చూశాడు. మేనేజరు కూర్చున్నాడు.

భార్య అన్నం వడ్డించింది. కూర గిన్నె అతిథి ముందు పెట్టింది. ఆవిడ గరిటె నిండా తీసుకుని, పళ్లెం దాకా తెచ్చి, గాల్లోనే ఆపింది.

“ఇందులో జీడిపప్పు లేదు కదా?”



భార్య మొగుడి వైపు చూసింది. కావాలని కాదు. ఇన్నేళ్లుగా ఇంటికెవరొచ్చి ఏమడిగినా ముందు అటు చూడ్డమే ఆమెకు అలవాటు. 

మేనేజరు చెయ్యి లేచింది. మెల్లగా, హుందాగా, పెళ్లిలో అక్షింతలకు లేచినట్టు లేచి టై ముడి తాకింది.

ఆయనకు కూరలో ఏముందో తెలియదు. వంటింట్లోకి రాలేదు, అడగలేదు. అడిగిన మనిషి లేదనే మాట వినాలనుకుంటోంది, అంతే ఆయనకు కావలసింది. ఒకావిడ గొంతు మూసుకుపోయి ఇంకా వారం తిరగలేదు. ఆ చెయ్యికి సిగ్గూ లేదు, జ్ఞాపకమూ లేదు.

“ఉందండీ” అంది భార్య. “ముద్ద నూరి వేశాను.”

గరిటె ఇంకో క్షణం గాల్లో నిలిచింది. తర్వాత అన్నం మీదికి ఒరిగింది. ఆవిడ కలుపుకుని తిన్నది.

“నాకు పడకపోవడమేం లేదు. ఊరికే అడిగాను” అంది నములుతూ. అంతసేపూ ఆవిడ చూపు కూర మీద లేదు. “మీ టై బాగుంది మేనేజరుగారూ. ముడి దగ్గరే కొంచెం నలిగింది.”

మేనేజరు చెయ్యి ఒళ్లోకి జారిపోయింది. ముఖం పాలిపోయింది. అయినా ఆ జాతి మనుషులు తొందరగా తేరుకుంటారు. గొంతు సవరించుకుని బావమరిది వైపు కళ్లెర్రజేశాడు.

“అమ్మగారూ” అన్నాడు బావమరిది, కూజా కింద పెట్టి. “ఆ రోజు తప్పు…”

“ఆగు.” అతిథి నీళ్లు తాగింది. “కెమెరా నేనూ చూశాను. నీ నోరు కదిలింది. ఈయన చెయ్యి కదిలింది. నోటికి సాక్షి ఉంది, ఆ సాస్ తిన్నావిడ విన్నది. చేతికి సాక్షి లేదు.”

“అయ్యో, అది టై…” అన్నాడు మేనేజరు.

“నేను పళ్లేలు మోసిన రోజుల్లో మా స్తంభం మనిషి చెవి గోక్కునేవాడు. అర్థం ఒకటే.” ఆవిడ అన్నం మెతుకులు పళ్లెం మధ్యకు చేర్చుకుంది. “ఇప్పుడు ఈ బల్ల దగ్గర నేను చూసింది లెక్కలోకి రాదు. నేను హోటలు మనిషిని. ఒక కుర్రాడు తప్పు చేశాడంటే హోటలుకు చవక. హాలు నడిపే పద్ధతే తప్పంటే చాలా ఖరీదు. చవకగా పోతుంటే నేనెందుకు వద్దంటాను? కానీ ఈ ఇంట్లోవాళ్లే నా ముందు నోరు విప్పి చెప్తే, వినలేదని మాత్రం అనలేను. అంతవరకు నాకు నీతి మిగిలింది.”

ఆవిడ భార్య వైపు తిరిగింది.

“ఇందాక ఆయన చెయ్యి టై మీదికి పోవడం మీరు చూశారా?”

భార్య మొగుడి వైపూ, తమ్ముడి వైపూ చూసింది. చూశానంటే మొగుడు రోడ్డు మీద పడతాడు. చూడలేదంటే తమ్ముడు విమానమెక్కి పోతాడు, ఆ మచ్చతోనే ముసలివాడవుతాడు. మచ్చ మోసేవాడు వెనకాల నిలబడి, వద్దక్కా అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. కుర్చీలో ఉన్నవాడు పళ్లెంలో పెరుగు కలుపుకుంటున్నాడు. కలుపుకుంటున్నాడండీ, నిజంగానే! తన పెళ్లాం తనను దాటి పోదన్న ధీమా అది.

“ఏమంటోంది దొరసాని?” అంది అత్తగారు.

కొడుకు ఇంకో చెంచా పెరుగు వేసుకున్నాడు.

“మిమ్మల్నే. నేనేమన్నా గోడనా? ఏమంటోంది?”

“కూరలో జీడిపప్పు లేదు కదా అని తనడిగినప్పుడు బావ చెయ్యి టై మీదికి పోవడం ఎవరైనా చూశారా అని అడుగుతోందండీ” అన్నాడు బావమరిది, వినపడీ వినపడకుండా.

అత్తగారు కాళ్లు కిందికి దించింది. కొడుకు ముఖం చూసింది, కొడుకు మెడ చూసింది, కూర గిన్నె చూసింది. పొద్దున్న మిక్సీ తిరిగిన చప్పుడు ఆవిడకు గుర్తుంది.

“నేను చూశాను” అంది అతిథి కళ్లలోకి చూస్తూ, తనకొచ్చిన ఒకే ఒక్క భాషలో. “దాన్ని అడగటమెందుకు, ఎదురుగా కూర్చున్నది నేను. ఎడ్లకు బేరమాడినవాడు కూడా వేలు పట్టుకుంటే దానికి కట్టుబడ్డాడు. వీడు పెళ్లాం చేత అబద్ధం ఆడించడానికి వేలెత్తి, ఎత్తలేదంటున్నాడు. థూ, వాళ్ల నాన్న తువ్వాలతో ముక్కు తుడుచుకోవడానికైనా పనికొస్తాడా వీడు?”

మేనేజరు చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఆగిపోయింది.

“అమ్మగారు ఏమన్నారు?” అంది అతిథి.

“కూర చాలా బాగుందంటోంది” అన్నాడు మేనేజరు చటుక్కున.

“మిమ్మల్ని అడగలేదు.” ఆవిడ భార్య వైపే చూస్తోంది. “మీరు చెప్పండి. మీ అత్తగారు ఏమన్నారు?”

మేనేజరు ఎడమచెయ్యి లేచింది. ఈసారి హుందాతనం లేదు. మెతుకులంటిన కుడిచెయ్యి పళ్లెంలో వదిలేసి, రెండో చెయ్యి ముడిని గట్టిగా పట్టుకుంది.

భార్య ఆ ముడి వైపు చూసింది. ఎంతసేపు చూసిందంటే, తమ్ముడు కూజా అందుకుని మళ్లీ కింద పెట్టాడు. తర్వాత ఆమె గిన్నె మీద మూత పెట్టి, కుర్చీ లాక్కుని, ఆ ఇంటికొచ్చాక మొదటిసారి అతిథి ముందు కూర్చుంది.

“ఒక్క నిమిషం ఉండండి” అంది. “అడిగి చెప్తాను.”

బల్ల అవతల మేనేజరు ఆ మాటకు ఎవరో చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు.

“అత్తయ్యా” అంది కోడలు. “ఏం చూశారో మొదటినుంచి చెప్పండి. ఒక్క మాట కూడా నేను మింగను.”

ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. ఆయన చెయ్యి ఇంకా ముడి మీదే ఉంది. పెళ్లానికి నేర్పాడు, బావమరిదికి నేర్పాడు, హాలు మొత్తానికి నేర్పాడు. ఆ సైగలు తల్లికి నేర్పాలని మాత్రం ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

“అమ్మా” అన్నాడు, సైగ పనికిరాక, నోటితో.